కట్టెపంట: సరుగుడు తోటల లాభనష్టములు

మన సంఘ సభ్యులలో పలువురు ఈ నడుమ మమ్ము ఒకే ప్రశ్న నడుగుచున్నారు. "కాగితపు మిల్లులవారును, కట్టెను కాల్చి విద్యుత్తు పుట్టించువారును కర్రను కొనుచున్నారు గదా, వరికోతకు కూలీలు దొరకుట లేదు, పొలమును నాలుగేండ్లు చెట్లకు విడిచి ఊరకుండరాదా?" అనునదే ఆ ప్రశ్న. దీనికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్ప వీలుకాదు. బాపట్ల యిసుక భూములకు తగిన జవాబు తెనాలి రేగడికి తగదు. రేపల్లె చవుటి భూములకు తగినది ఈ రెండింటికిని తగదు. చెట్టు నాటుట ఒక్క దినపు పని. తప్పు నేలలో నాటినయెడల ఆ తప్పును నాలుగేండ్లు మోయవలెను. కావున ఈ పంటను గూర్చి మాకు తెలిసిన సంగతులను, లెక్కలను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

చలిదేశములలో కట్టెపంట

కట్టెను అడవినుండి తెచ్చుకొనుట వేరు; పొలమున దున్ని, నాటి, కోయు పంటగా పండించుట వేరు. ఈ రెండవ పద్ధతిని ఐరోపాలో స్వీడను దేశపు రైతులు విల్లో అను చెట్టుతో పెద్దయెత్తున నడపిరి. కాశ్మీరమున క్రికెట్టు బ్యాటులు చేయు చెట్టు ఈ కుటుంబములోనిదే. 1970 దశాబ్దమున చమురు ధర విపరీతముగా పెరిగినప్పుడు ఆ దేశమువారు వంటచెరకును, వేడిని పొలమునుండియే పొందు మార్గమును వెదకిరి. జానెడు కొమ్మముక్కలను హెక్టారునకు పదివేలకు మించి యంత్రముతో నేలలో గ్రుచ్చుదురు. మొదటి యేడు పెరిగిన కొమ్మను మొదలంట కోయగా, ఆ మోడునుండి గుంపుగా పిలకలు లేచును. ఆ పిమ్మట మూడు నాలుగేండ్ల కొకమారు, ఆకు రాలిన చలికాలమున, యంత్రముతో కోసి తునకలు చేసి, పట్టణములలో ఇండ్లకు వేడినీరు పంపు కేంద్రములలో కాల్చుదురు. ఒకమారు నాటిన మోడు ఇరువది యేండ్ల వరకు పిలక వేయుచునే యుండును.

1990 దశాబ్దపు మధ్యకాలమునకు ఆ దేశమున ఇట్టి తోటలు సుమారు పదునైదు వేల హెక్టారులకు వ్యాపించెను. తరువాత ఆ విస్తీర్ణము పెరుగలేదు సరిగదా, తగ్గెను. ప్రభుత్వ సాహాయ్యపు నియమములు మారుట, ధాన్యపు ధర పెరుగుట ఇందుకు కొన్ని కారణములు. వేరొక కారణము మన రైతులు ముఖ్యముగా గమనింపదగినది. పలువురు తమ పొలములలో నాసిరకపు చెక్కను చూచి నాటిరి. మొదటి యేడు కలుపు తీయలేదు. చెట్టు గదా, తానే పెరుగునని తలచిరి. అట్టివారికి అనుకొన్న దిగుబడి రాలేదు. కట్టెపంటయు పంటయే. దానిని అడవిగా నెంచినవాడు నష్టపడును.

విల్లో మన తీరమునకు తగిన చెట్టు కాదు. అది తేమగల చల్లని నేలలను కోరును. మన ఎండకు, ఉప్పుగాలికి తాళునట్టి, విల్లో చేయు పనినే చేయునట్టి చెట్టు మనకు చిరకాలముగ నున్నది. అది సరుగుడు. కొన్ని యూళ్లలో సర్వి యనియు, చవుకు అనియు పిలుతురు.

సరుగుడు స్వభావము

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున, రైలింజనులు కట్టెలతో నడచు కాలమున, మద్రాసు రాజధాని తీరమున సరుగుడును వంటచెరకు నిమిత్తము విస్తారముగ నాటించిరి. అనగా ఇది మొదటినుండియు శక్తినిచ్చు పంటగానే మన యొద్ద వ్యాపించినది. దీని కర్ర బరువైనది, గట్టిది. పచ్చిగా నున్నను అంటుకొనును. బాగుగా ఎండిన కర్ర కిలోకు సుమారు 4,900 కిలోకాలరీల వేడి నిచ్చును. బొగ్గు చేసినచో 7,000 పైబడును.

మనము ఆకులనుకొను పచ్చని సూదులు నిజముగా సన్నని కొమ్మలే. ఆకులు వాని కణుపులయొద్ద పొలుసులవలె నుండును. అందుచేతనే నీటిని పొదుపుగా వాడుకొని ఉప్పుగాలికి నిలుచుచున్నది. పప్పుధాన్యపు జాతి కాకపోయినను దీని వేళ్లకు బుడిపెలుండును. ఆ బుడిపెలలో ఫ్రాంకియా అను సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి చెట్టున కందించును. వట్టి యిసుకలో ఎరువు లేకయే ఇది పెరుగుట కిదియే రహస్యము.

అయితే విల్లోకు, సరుగుడుకు ఒక పెద్ద భేదము గలదు. మనము సాధారణముగ నాటు సరుగుడును మొదలంట కోసినయెడల మోడు సరిగా చిగిర్చదు. ప్రతి కోత తరువాతను మరల నారు కొని నాటవలసినదే. సుబాబులు, జామాయిలు మోడునుండి పిలక వేయును గాన రెండవ కోతకు నాటుఖర్చు లేదు. కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థవారు వేగముగ పెరుగు సంకర సరుగుడు రకములను కొమ్మనారుగా పెంచి విడుదల చేసియున్నారు. వీనిలో చెట్లన్నియు ఒకే తీరున నిటారుగ పెరుగును. కాని ఒకే తల్లినుండి వచ్చిన మొక్కలు గాన, ఒకదానికి తెగులు వచ్చిన అన్నింటికిని వచ్చు భయము గలదు. తోటనంతయు ఒకే రకముతో నింపక రెండు మూడు రకములను వేరువేరు చెక్కలుగా నాటుట మేలు.

ఏ నేలకు ఏ చెట్టు

బాపట్ల తీరమునగల యిసుక దిబ్బలును, యిసుకపఱ్ఱలును సరుగుడుకు పుట్టిల్లువంటివి. అచ్చట వరి పండదు. వేరుశెనగ, జీడిమామిడి, కూరగాయలు మాత్రమే పోటీ. నీరు నిలువని తేలిక నేల యగుటచే వేరు లోతుగ దిగును. ఇట్టి భూమిలో సరుగుడు వేయదలచిన సభ్యులను మేము ప్రోత్సహింతుము.

రేపల్లె, నిజాంపట్నము ప్రాంతములలో కాలువ చివరి భూములు ఉప్పుబారి యున్నవి. సరుగుడు కొంత ఉప్పును సహించును గాని, ఉప్పునీటిలో దినములకొలది వేరు మునిగియుండుటను సహింపదు. కావున అచ్చట గట్లు పోసి, మురుగు కాలువ త్రవ్వి, గట్టుమీద వరుసలుగ నాటవలెను. చేపల, రొయ్యల చెరువుల గట్లమీదను ఇట్లే చేయవచ్చును. మరియొక మాట. సముద్రపు పోటునీరు వచ్చుచోట్ల నున్న మడచెట్లను కట్టెకొరకు నరికి ఆ స్థలమున సరుగుడు నాటుదమను తలంపు ఎవ్వరికిని రారాదు. మడ యడవి ఉప్పెనకు అడ్డుగోడ. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు పురిటిల్లు. అది పోయిన చేటును ఏ తోటయు తీర్పలేదు.

ఇక తెనాలి. కృష్ణా కాలువల క్రింద, వరి కోసిన తరువాత మినుముగాని, దుక్కి లేని మొక్కజొన్న, జొన్నగాని రెండవ పైరుగ వచ్చు రేగడిలో సరుగుడు వేయుటకు మేము సమ్మతింపము. ఆ నేలలో వానకాలమున నీరు నిలుచును, వేరు కుళ్లును, చెట్టు నిలిచినను తెగులు పాలగును. అంతకంటె ముఖ్యమైనది, అచ్చట ఎకరము చెట్లకిచ్చుట యనగా ఎనిమిది పంటలను వదలుకొనుట. తెనాలి రైతునకు కట్టెపంట వరిలోనే యున్నది. ధాన్యపు బరువులో సుమారు అయిదవవంతు ఊకయే. టన్ను ధాన్యమునకు 200 కిలోల ఊక వచ్చును. యంత్రకోత తరువాత పొలముననే తగులబెట్టు గడ్డియు ఇంధనమే. దిబ్బచెక్కలు, కాలువగట్టు ప్రక్క స్వంత స్థలములు ఉన్నవారు అచ్చట నాలుగు వరుసల సుబాబులు వేసికొనిన ఇంటికి కట్టెయు పశువులకు రొట్టయు దొరకును. సుబాబులు ఆకులో మైమోసిన్ అను విషపదార్థము గలదు గాన, పశువుల మేతలో మూడవవంతునకు మించకుండ, ఇతర గడ్డితో కలిపి వేయవలెను. గుఱ్ఱములకు అసలే పెట్టరాదు.

నారు, నాటు

సరుగుడు కాయలు గోధుమరంగుకు తిరిగినప్పుడు కోసి, గుడ్డపై నెండబెట్టిన విత్తులు రాలును. అవి మిక్కిలి చిన్నవి, రెక్క గలవి. చీమలు ఎత్తుకొని పోవును గాన నారుమడి చుట్టును కాపు ఉండవలెను. నిటారుగ పెరిగిన, తెగులులేని చెట్లనుండియే కాయలు కోయుడు. వంకరచెట్టు విత్తు వంకరచెట్టునే యిచ్చును. మడి నెత్తుగ చేసి, విత్తు చల్లి, పలుచగ యిసుక కప్పి, పూలకుండతో తడుపవలెను. క్రొత్త నేలలో తోట వేయువారు పాత సరుగుడు తోటలో వేరు బుడిపెలను తెచ్చి దంచి నీటితో కలిపి నారుమడిలో పోయుట మరువరాదు. ఖర్చు లేని యీ పనివలన మొక్క మొదటి యేటనే తేరుకొనును.

మూరెడు, మూరెడున్నర యెత్తు పెరిగిన నారును ఈశాన్య ఋతుపవనపు వానలలో, అనగా అక్టోబరు, నవంబరు మాసములలో నాటుట శ్రేష్ఠము. ఎడము కొలువ వలసిన విషయము. మూడడుగుల కొక మొక్క చొప్పున నాటిన ఎకరమునకు 4,840 మొక్కలు పట్టును, నాలుగడుగులకు 2,722, అయిదడుగులకు 1,742. దగ్గర నాటిన సన్నని కర్ర త్వరగ వచ్చును. అది పందిళ్లకు, పాకలకు, పొయ్యికి తగును. మిల్లుకు, పరంజికి లావు కర్ర కావలెను. దానికి ఎడము ఎక్కువ కావలెను. కొనువా డెవ్వడో తెలియకుండ ఎడము నిర్ణయించుట కొలత తెలియక చొక్కా కుట్టించుటవంటిది. మొదటి యేడు వరుసల నడుమ వేరుశెనగ వేసికొన్న కలుపు తగ్గును, కొంత సొమ్ము చేతి కందును.

దొరువు నీరు

ఇసుకలో నాటిన మొక్కకు మొదటి రెండు వేసవులు ప్రాణాపాయపు కాలము. మన తీరపు పెద్దలు దొరువులు త్రవ్వి కుండలతో మోసి పోసిరి. ఆ యిసుకలో మంచినీరు ఉప్పునీటిపై పలుచని పొరగ తేలియుండును. పెద్ద ఇంజను పెట్టి ఒకేచోట గట్టిగ తోడినచో పైపొర తరుగును. క్రిందినుండి ఉప్పునీరు ఉబికివచ్చును. ఒక్క వేసవిలో దొరువు చెడును. దీనికి బాపట్లలోని లవణ జల పరిశోధన కేంద్రమువారు మెరుగుపరచిన దొరువు పద్ధతిని చూపియున్నారు. లోతు పెంచక, నీటిమట్టమునకు కొంచెము దిగువగ చిల్లుల గొట్టములను అడ్డముగ పరచి, వానినుండి ఊరు నీటిని ఒక బావిలోనికి చేర్చి, మెల్లగ తోడుట అందలి సూత్రము. సరుగుడు వేసికొను సభ్యులు ముందు దొరువు నీటిని పరీక్ష చేయించుకొని, పిమ్మట నారు కొనవలెను.

ఎండుతెగులు, గాలివాన

సరుగుడుకు వచ్చు తెగుళ్లలో మిక్కిలి చెడ్డది బెరడు బొబ్బతెగులు. బెరడుపై బొబ్బలు లేచి పగులును. లోపల మసివంటి నల్లని పొడి కనబడును. చెట్టు పైనుండి ఎండును. ఆ మసియే తెగులు విత్తనము. నీరు నిలిచినచోట, వేరు గాయపడినచోట ఇది ముందుగ వచ్చును. కనబడిన చెట్టును ఆ దినముననే వేరుతో పెకలించి అచ్చటనే కాల్చి, చుట్టునున్న చెట్లకు వేరు తగులకుండ కందకము త్రవ్వవలెను. ఎండుచెట్టును కట్టెగ మోసికొనిపోవుచు దారిపొడవున మసి రాల్చుట, తెగులును పొరుగువాని తోటలో నాటుటయే.

రెండవ భయము తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను రేపల్లె ప్రాంతపు పెద్దలు మరువలేదు. ఆ పిమ్మట మన రాష్ట్ర తీరమున గాలికి అడ్డుగ సరుగుడు పట్టెలను పెంచిరి. ఊరిని గాలినుండి కాపాడు చెట్టు తానే విరుగును. మూడేండ్లు దాటిన తోట ఒక్క రాత్రిలో పడిపోవచ్చును. పడిన కర్రను తీరమంతయు ఒకేసారి అమ్మజూపుట వలన ధరయు పడును. కావున ఉన్న భూమినంతయు ఒకే యేట నాటక, ఏటేట నాలుగవవంతు చొప్పున నాటినచో, నాలుగవ యేటినుండి ప్రతి సంవత్సరము కోత వచ్చును. గాలివాన వచ్చినను అన్ని తోటలును ఒకే వయస్సున నుండవు.

లెక్క చూచుకొనుట

చెట్లకు ఖర్చు తక్కువ యనుట సగము నిజము. ఖర్చులో పెద్దభాగము మొదటి యేటనే యగును. రాబడి నాలుగవ యేట వచ్చును. మొదటి యేట పెట్టిన నూరు రూపాయలు నూటికి పండ్రెండు వడ్డీచొప్పున నాలుగేండ్లకు 157 రూపాయలగును. పొలమునకు ఏటేట నూరు రూపాయల కౌలు వచ్చుచుండెనని అనుకొనుడు. దానిని నాలుగేండ్లు వదలుకొనినచో నష్టము 400 కాదు. అదే వడ్డీ లెక్కను 478. కాబట్టి కర్ర అమ్మగ వచ్చు సొమ్మునుండి నాటుఖర్చును వడ్డీతోను, పోయిన కౌలును వడ్డీతోను తీసివేసి, మిగిలినదానినే లాభమనవలెను. యిసుకపఱ్ఱకు కౌలు స్వల్పము గాన ఈ లెక్కలో సరుగుడు గెలుచును. తెనాలి మాగాణికి గెలువదు.

తూకమున నింకొక సంగతి గలదు. అప్పుడే నరికిన కర్రలో సగము వరకు నీరుండవచ్చును. అట్టి పది టన్నుల పచ్చికర్రలో అసలు కర్ర అయిదు టన్నులే. అది తేమ అయిదవవంతు మిగులునంతవరకు ఎండినచో ఆరుంబావు టన్నులు తూగును. అనగా పచ్చికర్రకు టన్నుకు నూరు రూపాయలు పలికిన, ఎండుకర్రకు 160 పలుకవలెను. అంతకు తక్కువ యిచ్చిన ఎండబెట్టిన రైతే నష్టపోవును. బేరమాడునప్పుడు ధర యెంత యని మాత్రమే కాక, ఏ తేమకు, బెరడుతోనా బెరడు తీసియా, తూకము ఎవరి కాటావద్ద, కోతకూలి, బండికూలి ఎవరివి అనునవి అడిగి వ్రాయించుకొనవలెను. తోటను నిలువుగ చూచి గంపగుత్తగ అమ్ముట మన యొద్ద వాడుక. కొనువాడు దినమునకు పది తోటలు చూచువాడు. అమ్మువాడు నాలుగేండ్ల కొక తోట చూచువాడు. ఆ చూపుల పోటీలో ఓడునది ఎవ్వరో చెప్పనక్కరలేదు. పది చెట్లను కోసి తూచి, సగటు కట్టి, మొత్తము చెట్ల లెక్కతో గుణించి చూచుకొన్న తరువాతనే బేరమునకు కూర్చుండవలెను.

కొనువా డొక్కడైనచో

ఒక మెగావాటు విద్యుత్కేంద్రము సంవత్సరమునకు సుమారు డెబ్బది లక్షల యూనిట్లు తీయును; యూనిట్టుకు కిలోకు పైగా కట్టె కావలెను. అనగా ఏటికి తొమ్మిదివేల టన్నులకు దగ్గర. ఎకరమునకు ఏటికి పది టన్నుల చొప్పున లెక్కించినను తొమ్మిదివందల ఎకరముల తోట కావలెను. ఇంత గిరాకి యున్నదని వినగనే రైతునకు ఆశ పుట్టుట సహజము. కాని గిరాకి యుండుట వేరు, ధర నిలుచుట వేరు. కట్టె బరువైన సరకు, చౌక సరకు. దూరము మోసిన బండికూలికే సరిపోవును. కాబట్టి దగ్గరనున్న కొనుగోలుదారు ఒక్కడే ధరకు యజమాని యగును.

ఇది ఊహ కాదు. ప్రకాశము, గుంటూరు, కృష్ణా జిల్లాలలో వేలకొలది రైతులు కాగితపు గుజ్జుకొరకు సుబాబులు, జామాయిలు వేసిరి. తోటలు విస్తరించి కర్ర మితిమీరి వచ్చినప్పుడు ధర పడిపోయెను. ప్రభుత్వము వ్యవసాయ మార్కెట్టు కమిటీల ద్వారా ధర నిర్ణయించినను, ఆ ధర తమ చేతికి అందలేదనియు, సొమ్ము ఆలస్యమగుచున్నదనియు రైతులు పలుమారు ఆందోళన చేసిరి. చెట్టును కోయక నిలుపుకొనవచ్చును గదా యని కొందరందురు. నిలుపుకొనగలవాడు అప్పులేనివాడు. అప్పుగలవాని చెట్టును వడ్డీయే నరికించును.

ఇచ్చటనే సహకారము అవసరము. పొగాకు బ్యారనులు, ఇటుక బట్టీలు, పరంజి వ్యాపారులు, కాగితపు మిల్లులు, విద్యుత్కేంద్రములు అను అయిదుగురు కొనుగోలుదారులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క తరగతి కర్ర కావలెను. పొగాకు కిలో ఆకు కాల్చుటకే నాలుగైదు కిలోల కట్టె పట్టును. ఒంటరి రైతు తరగతులు విడదీయలేడు. ఇరువదిమంది కలిసిన విడదీయగలరు. నిటారు కర్రను పరంజికి, లావుమొదళ్లను మిల్లుకు, కొమ్మలను బ్యారనులకు అమ్మినచో ఒక్కని దయపై నుండనక్కరలేదు. ఇందుకు చట్టపు ఆధారము గలదు. 1904 సంవత్సరపు సహకార పరపతి చట్టముతో అప్పుకొరకు మొదలైన మన సంఘములకు, 1995 సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము అమ్మకమునకును అనువైన మార్గము నేర్పరచినది.

ముగింపు

కావున మా సలహా యిది. బాపట్ల యిసుక భూములలో సరుగుడు వేయుడు, ఏటికి నాలుగవవంతు చొప్పున. రేపల్లె చవుటి భూములలో గట్లమీద మాత్రము వేయుడు, మడను ముట్టకుడు. తెనాలి మాగాణిని వరికి, మినుముకు ఉంచుడు. నాటుటకు ముందు దొరువు నీరు, కొనువాడు, వడ్డీ అను మూడింటిని పరీక్షింపుడు. ఈ యేట నాటదలచిన సభ్యులు తమ సర్వే నంబరు, విస్తీర్ణము, నీటి వసతి వ్రాసి వానలకు ముందుగనే సంఘ కార్యదర్శి కిచ్చినయెడల, నారు ఒకేచోట పెంచుటయు, నాలుగవ యేట కాటా ఒకటే పెట్టుటయు సాధ్యమగును. వేరువేరుగ నాటిన చెట్లైనను కలిసి అమ్మవచ్చును; కాని ఆ కలియుట కోతనాడు కాక నాటునాడే మొదలు కావలెను.